తగు చర్య నిమిత్తం

ఆవిడ పోయిన రోజు పొద్దున మా నాచారం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు సంతాపంతో పొంగిపొర్లింది. మొదట ఎవరో ఒక దీపం బొమ్మ పెట్టారు. దాని వెనకే దండం పెట్టే చేతులు జతలు జతలుగా దిగాయి. రెండో అంతస్తు పెద్దమనిషి మూడు ఇంగ్లీషు అక్షరాలు పడేసి బాధ్యత తీర్చుకున్నాడు. మధ్యలో ఒకావిడ ‘ఇవాళ మంజీరా నీళ్ళు వస్తాయా?’ అని అడిగింది. దానికి మాత్రం వెంటనే, పూర్తి వాక్యాల్లో, ఫుల్‌స్టాపుతో సహా జవాబు వచ్చింది. కనబడిన ప్రతివాళ్ళకూ మంచిమాటను కాగితం మీద తన చేత్తో రాసిచ్చిన మనిషికి మేమిచ్చిన వీడ్కోలులో రాసింది ఒక్కటీ లేదు. అన్నీ నొక్కినవే.

నేను ఆ అపార్ట్‌మెంటుకు సెక్రటరీని. ఎలా అయ్యానంటే, మీటింగు మధ్యలో ఫోనొస్తే బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఏకగ్రీవంగా ఎన్నికై ఉన్నాను. ఉద్యోగం రైల్వే అకౌంట్సులో. పుట్టింది గుంటూరు వైపు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా నా మాట వినగానే ‘ఆంధ్రా సారు’ అంటారు, అనేవాళ్ళకు కోపమూ లేదు, నాకూ లేదు.

మా అసోసియేషన్‌కు ఒక్కటే ఫైలు. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ఫిర్యాదులు’ అని రాసి ఉంటుంది. లిఫ్టు చప్పుడు చేస్తోందని ఒకరు, చప్పుడు లేకుండా వచ్చి హడలగొడుతోందని ఇంకొకరు. పైవాళ్ళు రోట్లో పచ్చడి నూరుతున్నారని కిందివాళ్ళు, కిందివాళ్ళ పోపు ఘాటు పైకొస్తోందని పైవాళ్ళు. మా బిల్డింగు చేసిన సాహిత్యసేవ అంతా ఆ ఫైలులోనే ఉంది. ఆ విద్యలో నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాను. వీధి చివర ఫంక్షన్ హాలు మైకు గురించి నేను రాసిన ఫిర్యాదు చదివి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన కొత్తలో నేను రాసిన ఉత్తరాలకు కూడా ఆ గౌరవం దక్కలేదు.

అలాంటి ఫైలులోకి ఆవిడ కాగితాలు రావడం మొదలైంది.

ఆవిడది మూడో అంతస్తు, లిఫ్టు పక్క ఫ్లాటు. జనగాం వైపు పల్లెటూరు నుంచి చదువుకుని వచ్చి, ఒక సర్కారు సైన్సు ఆఫీసులో స్టెనోగా చేరి, అక్కడే రిటైరయింది. సన్నగా, నిటారుగా ఉండేది. కుర్చీలో కూర్చున్నా వీపు ఆనించేది కాదు, ఎవరో ఇప్పుడే పిలుస్తారన్నట్టు. ఆదివారం చర్చికి తెల్ల చీర కట్టుకుని, జిప్పున్న నల్ల సంచిలో బైబిలు పెట్టుకుని వెళ్ళేది. అదే సంచిలో తెల్ల కాగితాలూ కార్బన్ పేపరూ కూడా ఉండేవి. ఈ రోజుల్లో కార్బన్ పేపరు ఎక్కడ దొరుకుతుందో దేవుడికీ ఆవిడకే తెలియాలి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, “డిక్టేషన్ ఇచ్చేటోళ్ళు ఆఫీసులనే సరిపోయిన్రు, ఇంట్ల గూడ ఎందుకు?” అనేది.

ఆవిడ అలవాటు ఏమిటంటే, ఎవరైనా తమ పని తాము మంచిగా చేస్తే వాళ్ళను వదిలిపెట్టేది కాదు. మనమైతే పని అయిపోగానే తలుపేసుకుంటాం. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి, “నీ పూర్తి పేరేంది బిడ్డా? డెసిగ్నేషన్ ఏంది? నీ పై ఆఫీసరు ఎవరు?” అని అడిగేది. పాలప్యాకెట్లు వేసేవాడు ఈ ప్రశ్నలు విని వారం రోజులు ప్యాకెట్లు గేటు దగ్గరే పెట్టి పారిపోయాడు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర స్కైవాక్ వంతెన ఊడ్చే అమ్మాయి భయపడి తన పేరు బదులు వాళ్ళ సూపర్‌వైజరు పేరు చెప్పింది. తోపుడుబండి మీద కొత్తిమీర అమ్మే ఆమె మాత్రం నదురూ బెదురూ లేకుండా, “నా పైన ఎవరున్నరమ్మా, ఎండ దప్ప,” అంది. పై అధికారి లేకపోవడంతో ఆవిడ తను రాసిన మెచ్చుకోలు కాగితం రెండు ప్రతులూ కొత్తిమీరమ్మకే ఇచ్చేసింది. మర్నాడు వాటిలో ఒకటి పచ్చిమిరపకాయల పొట్లమై ఆవిడ ఇంటికే తిరిగొచ్చింది. ఆవిడ ఆ పొట్లం విప్పి, కాగితం చేత్తో సాపు చేసి, “వాడుకున్నది గదా, మంచిదే,” అంది.

రాసే పద్ధతి ఒకటే. కాగితాన్ని ఎడమవైపు వేలెడంత మడిచి గోటితో గట్టిగా రుద్దేది. అది మార్జిను. కింద కార్బను పెట్టి, నీలం బాల్‌పెన్నుతో నొక్కి రాసేది. అసలు ప్రతి పై అధికారికి, కార్బను ప్రతి పని చేసిన మనిషికి. తీసుకున్నవాళ్ళు ఆవిడ డైరీలో ‘అందినది’ అని సంతకం పెట్టాలి. సంతకం పెట్టందే కదలనిచ్చేది కాదు.

ఇంతవరకు బాగానే ఉంది. వచ్చిన చిక్కంతా ఆ రాతలో ఉంది. ఉద్యోగమంతా ఆవిడ టైపు చేసింది మెమోలు. ఎదటి మనిషి మీద గోరంత ప్రేమ చూపించాలన్నా ఆవిడకు తెలిసిన మూస అదొక్కటే. పైన ‘విషయం’ అని ఉంటుంది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. మనిషిని ‘సదరు’ అంటుంది. చివర ‘తగు చర్య నిమిత్తం తమ దృష్టికి తేవడమైనది’ అని ముగుస్తుంది. అందుకే బిల్డింగులో ఆవిడను మెమో మేడమ్ అనేవాళ్ళు. ఆవిడకు వినబడేట్టే అనేవాళ్ళు. ఆవిడ అది డెసిగ్నేషనే అనుకుందో ఏమో, పలికేది.

మా వాచ్‌మన్ మల్లేశ్‌కు వచ్చిన కాగితం కథ చెబితే మీకు అర్థమవుతుంది. ఒక వానాకాలం సెల్లారులో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే, మోటారు పాడైపోయి ఉంటే, మల్లేశూ వాళ్ళావిడా బకెట్లతో ఎత్తిపోశారు. మేమందరం పై నుంచి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి సహకరించాం. మర్నాడు పొద్దున్నే మల్లేశ్ మా తలుపు కొట్టాడు. వెనక వాళ్ళావిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతని చేతిలో పంపురూము తాళాలు.

“తీస్కోండి సార్. మధ్యాన్నంకల్ల రూము ఖాళీ జేస్తం,” అన్నాడు.

“ఏమైందయ్యా?”

“మేడమ్ కాయిదం ఇచ్చింది సార్. నా పనితీరు గురించి అని ఉంది. తగు చర్య అని గూడ రాసింది. ఏం తప్పు జేసిన్నో జర మీరన్న చెప్పుండ్రి.”

అసలు ప్రతి నాకింకా అందలేదు, అతని కార్బను ప్రతే తీసుకుని చదివాను. ‘సదరు మల్లేశ్ మరియు వారి భార్య మోటారు సహాయము లేకుండగనే’ అని మొదలుపెట్టి, బకెట్లు ఎత్తిపోసిన వైనమంతా రాసి, ‘ఇట్టి పనిని ఈ భవనములో మరెవ్వరును చేయజాలరు’ అని ఉంది. అది మమ్మల్ని అన్నమాటే అని నాకు వెంటనే తెలిసింది, కానీ అప్పుడా సంగతి ఎందుకని ఊరుకున్నాను. ఇది మెచ్చుకుంటూ రాసిందయ్యా అని విడమరిచి చెప్పాను. మల్లేశ్ నమ్మలేదు.

“మంచిగ జేసిన్నని రాసేటందుకు గింత తెల్ల కాయిదం ఎందుకు సార్? నోటితోని చెప్తె సాలదా?” అన్నాడు.

తాళాలు తిరిగి తీసుకున్నాడు గాని, సర్దుకున్న పెట్టె విప్పడానికి రెండు రోజులు పట్టింది. అతని తప్పేం లేదు. ఈ నగరంలో వాచ్‌మన్ చేతికి సంతకం ఉన్న కాగితం వచ్చిందంటే దాని అర్థం ఒక్కటే ఉంటుంది.

ఒకసారి ఉండబట్టలేక ఆవిడనే అడిగాను. “మేడమ్, ఈ సదరులూ తగు చర్యలూ తీసేసి మామూలుగా థాంక్యూ అని రాయొచ్చు కదా?”

ఆవిడ పెన్ను పక్కన పెట్టి, అద్దాల మీంచి నన్ను చూసింది.

“సెక్రటరీ గారూ, నేను సర్వీసుల ఎన్ని మెమోలు కొట్టిన్నో మీకు తెల్వదు. లేటుగ వస్తె మెమో. సంతకం మరిస్తె మెమో. ఆఖరికి టీ కప్పు ఫైలు మీద పెట్టిండని అటెండరుకు మెమో. అన్ని నా వేళ్ళ మీదికెల్లే పోయినయి. ఎవడన్న మంచిగ జేసిండని ఒక్క డిక్టేషన్... ఒక్కటంటె ఒక్కటి రాలె. నేను పెన్సిలు చెక్కుకొని కూసుండేదాన్ని, ఇయ్యాలనన్న వస్తదేమో అని.” పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుని, “అదెట్ల రాస్తరో నాకు ఎవరు నేర్పలె. అందుకే నాకొచ్చిన తీరుగ రాస్తున్న,” అంది.

నాకు నవ్వు రావలసింది. రాలేదు.

ఇక గ్యాసు సంగతి. మా వీధికి సిలిండర్లు తెచ్చే మనిషి యాదగిరి. ఉండేది పీర్జాదిగూడలో, కట్టే అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన ఒక రేకుల గదిలో. నలభై దాటిన మనిషి. సిలిండరును నేల మీద దొర్లించేవాడు కాదు, పసిపిల్లను దించినట్టు దించేవాడు. అతను బెల్లు కొడితే లోపల నుంచి మేమందరం “గ్యాస్ వచ్చింది!” అని అరిచేవాళ్ళం. ఒకరోజు లిఫ్టు పనిచేయలేదు. అది మా లిఫ్టుకు వింత కాదు. యాదగిరి సిలిండరును భుజాన వేసుకుని మూడో అంతస్తుకు ఎక్కించాడు. అక్కడ మేడమ్ పొయ్యి నాబు బిగుసుకుపోయి, తిప్పలేక అవస్థ పడుతుంటే చూశాడు. దాన్ని విప్పి, తుడిచి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, ఆవిడ కాగితం మడిచింది. అసలు ప్రతి గ్యాస్ ఏజెన్సీకి స్వయంగా పోయి ఇచ్చి, ‘అందినది’ అని సంతకం కూడా తెచ్చుకుంది.

తరువాతి సిలిండర్లు కొత్త మనిషి తెచ్చాడు. గేటు దగ్గర దించి, ఫోను చేసి, వెళ్ళిపోయాడు. మరో రెండు రోజులకు యాదగిరి మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ సిలిండరుతోనే చూశానేమో, ఖాళీ భుజంతో మనిషి సగమైనట్టు కనబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సార్, మీరు జర అమ్మకు చెప్పుండ్రి. నేను చెప్తె ఆమె మనసు కష్టపడ్తది.”

“ఏం చెప్పమంటావు?”

“నన్ను మెచ్చుకోవద్దని చెప్పుండ్రి సార్. మీకు దండం పెడత. ఇంటికాడ ఉండుమన్నరు, మళ్ళ పిలుస్తమన్నరు. పిలుస్తలేరు. ఈ పని దప్ప నాకు వేరే పని రాదు.”

నేను ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ లోపలికి వెళ్ళి, చెప్పులు వేసుకుని, నల్ల సంచి తీసుకుని వచ్చింది. ఇద్దరం ఆటోలో ఉప్పల్ పోయాం, ఏజెన్సీకి.

అక్కడి మేనేజరు కుర్రాడు మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు. ఫైలులోంచి ఆవిడ ఉత్తరమే తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“మీరే సదువుండ్రి మేడమ్. డెలివరీ మనిషి పొయ్యి విప్పిండు అని మీరే రాసిన్రు. మా రూల్ ఏంది? పొయ్యి ముట్టేది మెకానిక్ ఒక్కడే. రేపు ఏమన్న అయితె నేను జవాబు చెప్పాలె. పైంగ తగు చర్య అని మీరే అన్నరు. తీసుకున్నం.”

“అది మెచ్చుకోలు బిడ్డా,” అంది ఆవిడ.

“మెచ్చుకోలు అని యాడ రాసిన్రు మేడమ్?”

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుని చదివింది. పైనుంచి కిందికి, వేలు పెట్టి, ఒక్కో మాట. మెచ్చుకోలు అన్న మాట ఎక్కడా లేదు. ‘సదరు యాదగిరి తనంతట తానే విప్పి’ అని మాత్రం నీలం అక్షరాల్లో నిక్షేపంలా ఉంది. జీవితంలో ఆవిడ ఒక్క తప్పు లేకుండా రాసిన చార్జిషీటు అది.

“అయితే ఈ కాగితం వాపసు తీసుకుంటారు. అతన్ని పిలవండి,” అన్నాను నేను.

“వాపసు తీసుకునుడు లేదు సార్. మా సిస్టంల కంప్లైంట్ అని ఒక్కటే బటన్ ఉంది, దాంట్లనే ఎక్కిచ్చినం. యాదగిరి పొయ్యి విప్పలేదు, నేను తప్పు రాసిన అని మేడమ్ ఇంకొక లెటర్ ఇస్తె క్లోజ్ జేస్త.”

నేను ఆవిడ వైపు చూశాను. సులువైన దారి. రెండు వాక్యాల పని. నేనైతే అక్కడే నిలబడి రాసిచ్చేవాణ్ణి.

“జేసినోణ్ని జెయ్యలేదని ఎట్ల రాయాలె బిడ్డా?” అంది ఆవిడ మెల్లగా. “ఆ మాట నేను రాయ.”

మేనేజరు విసుక్కోలేదు. మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. అతని మీద ఫిర్యాదు రాయడానికి కూడా మాకు ఏమీ దొరకలేదు.

తిరుగు ఆటోలో ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద వేళ్ళు కొడుతూ కూర్చుంది. టైపు చేస్తున్నట్టే ఉంది. రింగు రోడ్డు దాటాక, “ఆఫీసుల అయితె వాళ్ళు చెప్తె కొట్టిన. నా మీద పాపం లేదనుకున్న. ఇది నేనే చెప్పి నేనే కొట్టిన గదా,” అంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను చూస్తానని. నాకు ఆ కుర్రాడి మీదా, ఆ బటన్ మీదా, ఆవిడ మీదా, ఎవరి మీదని చెప్పలేని కోపం వచ్చింది. మంచి చేసినవాడికి మంచిమాట చెబితే వాడి పొయ్యి ఆరిపోవడం ఏమిటి?

కోపం వస్తే నాకు తెలిసిన పని ఒక్కటే. ఇంటికి రాగానే గ్రూపులో పెట్టాను: ‘కొత్తగా గ్యాస్ సిలిండర్లు గేటు దగ్గరే వదిలేస్తున్నారు. ఏజెన్సీ మీద ఫిర్యాదు రాయదలచినవారు సాయంత్రం సెల్లారుకు రావలెను.’

ఏం చెప్పమంటారు! కిందటేడు రక్తదానం అంటే ముగ్గురొచ్చారు, అందులో ఒకరు జ్యూస్ కోసం. ఆ సాయంత్రం కుర్చీలు చాలలేదు. రెండో అంతస్తు పెద్దమనిషి సొంత పెన్ను తెచ్చుకున్నాడు. ఇండక్షన్ పొయ్యి మీద వండుకునే ఐదో అంతస్తాయన కూడా ఫిర్యాదు రాస్తానని కూర్చున్నాడు. ఆయన ఇంట్లో సిలిండరే లేదు. అయినా సాటి మనిషి ఫిర్యాదు చేస్తుంటే చూస్తూ ఊరుకునే రకం కాదాయన.

మేడమ్ కూడా దిగి వచ్చింది. వచ్చి, రాసిన ప్రతి కాగితమూ తీసుకుని చూడడం మొదలుపెట్టింది. అందరూ కొత్త మనిషిని చీల్చి చెండాడారు. బద్ధకస్తుడనీ, పొగరుబోతనీ, మొహం చూస్తేనే తెలుస్తుందనీ రాశారు. ఆవిడ ఒక్కొక్కటే తిరగ్గొట్టింది.

“ఈ పిలగాని పేరు తీసేయుండ్రి. ఆయన ఏం పాపం జేసిండు? ఇంకోనికి మెమో కొట్టను నేను.”

“మరి ఏమని రాయాలి మేడమ్?” అని విసుక్కున్నారు వాళ్ళు.

“యాదగిరి లేకుంటె మీకేం తక్కువైందో అది రాయుండ్రి.”

అప్పుడు మొదలైంది అసలు తమాషా. యాదగిరి లేక ఏం తక్కువైందో రాయాలంటే, ఉన్నప్పుడు ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకోవాలి. పెన్నులు ఆగిపోయాయి. ఒకావిడ, “మా అత్తగారికి చెవుడు కదా, బెల్లు వినబడదని కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపేవాడు,” అంది, ఎవరితోనో అన్నట్టు. ఇంకొకాయన, మెట్ల మీద గీత పడకుండా సిలిండరు కింద గోనెపట్టా వేసేవాడని రాశాడు. ఒకరింట్లో పాప పరీక్షలకు చదువుకుంటుంటే చప్పుడు చేయకుండా దించి పోయాడట. ఫిర్యాదు అనుకుని కూర్చున్నవాళ్ళందరూ, తమకు తెలియకుండానే, ఒక మనిషిని పేజీల కొద్దీ మెచ్చుకుని పైన ‘ఫిర్యాదు’ అని పెట్టి సంతకాలు చేశారు. మెచ్చుకోలు రాద్దాం రమ్మని పిలిచి ఉంటే ఒక్కరు దిగేవాళ్ళు కాదు. మేడమ్ ఆ కాగితాలన్నీ వరసగా పేర్చి, మార్జిన్లు సరిచేసి, నాకిచ్చింది. వాటి చివర ఎక్కడా ‘తగు చర్య’ లేకుండా చూసింది.

ఆ కట్ట చూసి ఏజెన్సీ అదిరిపోయింది. ఒక్క బిల్డింగు నుంచి అన్ని కంప్లైంట్లు వాళ్ళ సిస్టం ఎన్నడూ చూడలేదట. వారం తిరగకముందే యాదగిరి సిలిండరుతో సహా తిరిగొచ్చాడు. ఇక పొయ్యి ముట్టుకోకూడదని మాత్రం రాయించుకున్నారు. అందుకని వంటింటి గుమ్మం బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, “అమ్మా, ఆ నాబు జర ఎడమకు తిప్పుండ్రి... అట్ల కాదు... ఆఁ, గట్ల,” అని డిక్టేషన్ ఇచ్చేవాడు. ఆవిడ తూచా తప్పకుండా తిప్పేది.

కానీ ఆవిడ రాయడం మానేసింది. మళ్ళీ ఎవరి పేరూ అడగలేదు, డెసిగ్నేషన్ అడగలేదు. బిల్డింగు హాయిగా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఒకరోజు మల్లేశ్ నన్ను సెల్లారులో ఆపాడు.

“మేడమ్‌కు నా మీద ఏమన్న కోపమొచ్చిందా సార్?”

“ఏం, ఎందుకు?”

“ట్యాంకు కడిగిన, మెట్లు కడిగిన, ఎండల చెట్లకు నీళ్ళు వోసిన. ఒక్క కాయిదం రాలె.”

ఆ మాట ఆవిడకు చేరవేశాను. సంతోషిస్తుందనుకున్నాను. “నా రాత మంచిది కాదు సెక్రటరీ గారూ,” అని, మల్లేశ్‌కు ఇమ్మని ఒక గిన్నెలో సేమ్యా పాయసం పోసిచ్చింది. పాయసం బాగుంది. మల్లేశ్ తిన్నాడు గాని, గిన్నె కింద ఏమైనా ఉందేమోనని ఎత్తి చూశాడు.

తరువాత ఏడాది తిరిగేలోపే, జ్వరమని ఆసుపత్రిలో చేరి, ఆవిడ మళ్ళీ రాలేదు. ఘట్‌కేసర్‌లో ఉండే తమ్ముడి కుటుంబం వచ్చి అన్నీ చూసుకున్నారు. మా సెల్లారులోనే ఆదరణ కూడిక పెట్టారు. పాటలు పాడారు, పాస్టరు గారు వాక్యం చెప్పి, ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. మా ప్రెసిడెంటు లేచి, ఆవిడ చాలా మంచి వ్యక్తి అనీ, మెయింటెనెన్స్ ఏనాడూ ఆలస్యం చేయలేదనీ చెప్పి కూర్చున్నాడు. మా బిల్డింగులో మనిషి గురించి అంతకంటే గొప్పగా చెప్పే మాట లేదు. నేను కూడా లేచాను. ఫంక్షన్ హాలు మైకు మీద రాసి మా ఆవిణ్ణి ఏడిపించినవాణ్ణి, నాలుగు ముక్కలు దొరక్క, అందరికీ నమస్కారం అని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున బెల్లు మోగింది. “గ్యాస్ వచ్చింది!” అని మా ఆవిడ లోపల నుంచి అరిచింది. యాదగిరి సిలిండరు దించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

“నిన్న డ్యూటీల ఉంటి, రాలేకపోయిన. మాట్లాడుమంటె గూడ నాకు రాదు సార్. అందుకని రాసిన. ఎవరికియ్యాలో తెల్వలె. అమ్మ ఎప్పుడన్న పై ఆఫీసరుకు రాస్తుండె గదా. ఈ బిల్డింగుకు మీరే గదా.”

విప్పాను. ఎడమవైపు వేలెడంత మడిచి ఉంది. అక్షరాలు వంకరటింకరగా, నొక్కి రాసి ఉన్నాయి.

‘సెక్రటరీ గారికి. విషయం: మూడో అంతస్తు అమ్మ పనితీరు గురించి. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు అమ్మ బెల్లు ఒక్కసారి కొడితే తలుపు తీసేది. మంచినీళ్ళు అడగకముందే ఇచ్చేది. సిలిండర్ దించేటప్పుడు అందరు టైల్సు పైలం, పగులుతయి అంటరు, అమ్మ నడుము పైలం అన్నది. అందరు గ్యాస్ వచ్చింది అంటరు, అమ్మ యాదగిరి వచ్చిండు అన్నది. నా పని పోతే నా కోసం తిరిగింది. అబద్ధం రాయలేదు. కావున తగు చర్య నిమిత్తం తమ దృష్టికి తేవడమైనది. ఇట్లు, యాదగిరి, డెలివరీ. ప్రతి: అమ్మకు.’

రెండుసార్లు చదివాను. లోపల నుంచి మా ఆవిడ, “గ్యాస్ అతనికి ఖాళీ సిలిండరు ఇచ్చారా?” అని కేకేసింది.

“యాదగిరి,” అన్నాను నేను, లోపలికి వినబడేట్టు.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. చేతిలో రెండో కాగితం ఉంది, కార్బను ప్రతి. కార్బను ఎక్కడ దొరికిందని నేను అడగలేదు.

“ఇది అమ్మది సార్. మీ కాడ ఉండనీయుండ్రి. ఇగ ఈ గ్యాస్ బిల్లు ఎనక అందినదని సంతకం పెట్టుండ్రి.”

బిల్లును గోడకు ఆనించి, ‘అందినది’ అని రాసి, సంతకం పెట్టి, తారీకు వేసిచ్చాను. అతను దాన్ని ఒకసారి చూసుకుని, జేబులో పెట్టుకుని, ఖాళీ సిలిండరు ఎత్తుకుని లిఫ్టు వైపు వెళ్ళాడు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లు దిగాడు.

రెండు ప్రతులూ అసోసియేషన్ ఫైలులో పెట్టాను. పైన ‘ఫిర్యాదులు’ అనే ఉంది, మాకు ఇంకో ఫైలు లేదు. తీసుకోవలసిన చర్య మాత్రం ఇప్పటికీ నా దగ్గర పెండింగులోనే ఉంది.